ఖాళీ ఉయ్యాల, నిండు ఉయ్యాల

రెండు కథల్లోనూ ఒక ఉయ్యాల ఉంది. మొదటిది పాతబడిన బంగళాలో, ఎవరూ తెచ్చి కట్టకుండానే, ఒకరోజు ఊగుతూ కనబడుతుంది. అందులో బిడ్డ లేదు. రెండోదాంట్లో బిడ్డ ఉన్నాడు, తల్లి లేదు. బిచ్చం వెయ్యడానికి గడప దాటిన తల్లి కుక్కగా మారి మాయలోడి వెంట వెళ్ళిపోయింది. మొదటి కథ డెన్మార్క్ గాయకుడు కింగ్ డైమండ్ 1987లో తెచ్చిన ‘అబిగెయిల్’ అనే హెవీ మెటల్ రికార్డు. తొమ్మిది పాటలు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే దయ్యం కథ. రెండోది మన బాలనాగమ్మ, అందులోనూ కడప జిల్లాలో పుట్టిన సురభి వాళ్ళు ఆడే బాలనాగమ్మ.

మోకాలికీ బోడిగుండుకూ ముడేస్తున్నాననుకుంటారని తెలుసు. కోపెన్‌హాగెన్ స్టూడియోలో కరెంటు గిటార్లతో తయారైన రికార్డెక్కడ, డేరాలో హార్మోనియం పెట్టెతో నడిచే నాటకమెక్కడ? కానీ చేసే పని ఒకటే. భయపెట్టే కథను పాటగా చెప్పి, జనాన్ని చివరిదాకా కూర్చోబెట్టడం. పోల్చి చూశాక నాకు తేలిన సంగతి మాత్రం నాకే పెద్దగా నచ్చలేదు. మన ఇళ్ళలోపలి భయాన్ని మన నాటకం కంటే ఆ పరాయి రికార్డే సూటిగా పట్టుకుంది. మరి భయం నుంచి బయటపడే దారి? అది మన నాటకానికే తెలుసు.

ముందు ఆ రికార్డు కథ. 1845 వేసవి. జొనాథన్ లఫే, అతని భార్య మిరియమ్, వారసత్వంగా వచ్చిన బంగళాలో కాపురం పెట్టడానికి బండిలో వస్తుంటారు. దారిలో ఏడుగురు రౌతులు అడ్డం నిలబడి వెనక్కి పొమ్మంటారు. వెళ్తే పద్దెనిమిది కాస్తా తొమ్మిదవుతుందని పొడుపుకథలాంటి హెచ్చరిక కూడా చేస్తారు. (1845లో అంకెలు కూడితే 18. ఆ 18లో అంకెలు కూడితే 9. ఇది నా లెక్కే. పంచాంగం చూడకుండా బోరు కూడా వెయ్యని ఊళ్ళో పెరిగినవాణ్ణి, అంకె కనబడితే కూడకుండా ఉండలేను.) మొగుడూ పెళ్ళాలు ఆ మాట వినరు.

ఆ రాత్రి వంశపు దయ్యం కౌంట్ లఫే జొనాథన్‌ను నేలమాళిగకు తీసుకెళ్ళి అక్కడున్న శవపేటికను చూపిస్తాడు. 1777 జూలై 7న ఈ కౌంట్, భార్య కడుపులో ఉన్నది తన బిడ్డ కాదని ఆమెను మెట్ల మీంచి తోసేశాడు. ఆమె మెడ విరిగి చచ్చిపోయింది, ఆడబిడ్డ చచ్చి పుట్టింది. ఆ బిడ్డే అబిగెయిల్. ఇప్పుడది మిరియమ్ కడుపులో చేరి మళ్ళీ పుట్టబోతోంది, భార్యను చంపితే తప్ప ఆపలేవు అంటాడు దయ్యం. ఇక శకునాలు మొదలు. చర్చి గంట తనంతట తనే మోగుతుంది, పూలు చచ్చిపోతాయి, ఇద్దరుండే ఇంట్లో బల్ల మీద ముగ్గురికి వడ్డన సిద్ధంగా ఉంటుంది, ఆ ఖాళీ ఉయ్యాల వెలుస్తుంది. మిరియమ్ కడుపు చూస్తుండగానే ఎత్తవుతుంది. మెట్ల దగ్గర ఆమెను తోద్దామనుకున్న జొనాథన్‌నే ఆమెలోని అబిగెయిల్ తోసేస్తుంది. కాన్పులో మిరియమ్ పోతుంది. రౌతులు వచ్చి బిడ్డను పట్టి, పెట్టెలో పెట్టి, ఏడు వెండి మేకులు దించుతారు. ఆ పాతిపెట్టడంతోనే రికార్డు మొదలవుతుంది కాబట్టి ముగింపు మనకు మొదటి పాటలోనే తెలిసిపోతుంది.

బాలనాగమ్మ కథ మీకు చెప్పనక్కర్లేదు గానీ, పోలిక కోసం నాలుగు ముక్కలు. జటంగి ముని వరంతో భూలక్ష్మికి పుట్టిన ఏడుగురు ఆడపిల్లల్లో కడగొట్టుది బాలనాగమ్మ. అమ్మ పోయింది, సవతి తల్లి అడవికి పంపించింది, ఎలాగో బతికి కార్యవర్ధిరాజును పెళ్ళాడింది, బాలవర్ధిని కన్నది. అప్పుడు నాగళ్ళపూడి గట్టు నుంచి మాయలోడు బిచ్చగాడి వేషంలో వచ్చి ఆమెను కుక్కను చేసి తీసుకుపోయాడు. వెతుక్కుంటూ వెళ్ళిన మగవాళ్ళంతా రాళ్ళయిపోయారు. ఉయ్యాలలో మిగిలిన పిల్లోడు పెరిగి పెద్దవాడై, మాయలోడి ప్రాణం చిలకలో ఉందని తెలుసుకుని, సముద్రాలు దాటి వెళ్ళి దాని మెడ విరిచాడు. అక్కడా ఏడు, ఇక్కడా ఏడు. భయం కథలకు ఆరూ చాలదు, ఎనిమిదీ పట్టదు కాబోలు.

ఇంజినీరింగ్ సెలవుల్లో కడపలో మా ఇంట్లో ఈ రికార్డు పెట్టినప్పుడు మా జేజి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. కాసేపు విని, చాట కింద పెట్టి అడిగింది: “ఏమప్పా, ఈయప్పకు దెయ్యం పట్టిందా, దెయ్యమే పాడతాందా?” కింగ్ డైమండ్ గొంతు మీద విమర్శ అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అతను కాసేపు మామూలు మగగొంతులో కథ చెబుతాడు, మరుక్షణం కీచుమని ఆకాశానికెత్తుతాడు, ఇంకో క్షణంలో చెవి దగ్గర గుసగుసలాడతాడు. జొనాథన్, మిరియమ్, కౌంట్ దయ్యం, పుట్టబోయే బిడ్డ, అందరూ అతనే. వేరే ఆడమనిషి గొంతు రికార్డులో ఎక్కడా లేదు.

ఇది మనకు కొత్త కాదు. బుర్రకథలో తంబురా పట్టుకున్న కథకుడు అడుగు ముందుకేస్తే రాజు, వెనక్కేస్తే రాణి, పక్కకు తిరిగితే మాయలోడు. గుమ్మెట్ల వాళ్ళిద్దరూ వంత పాడతారు, ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. తేడా అక్కడే ఉంది. కింగ్ డైమండ్ స్టూడియోలో తన గొంతు మీద తన గొంతే పొరలు పొరలుగా ఎక్కించుకున్నాడు, అంటే తన పాటకు తనే వంత. కథకుడు హద్దు మీరినప్పుడు “ఆగు దొరా, అదెట్లయితది?” అని అడ్డం పడే హాస్యగాడు ఆ రికార్డులో లేడు. అందుకే ఊపిరాడదు. భయం కథకు అది బలమే, ఒప్పుకుంటాను. కానీ అడ్డం పడేవాడు లేని కథను నమ్మడంలో ఉన్న చిక్కేమిటో కాస్త ఆగి చెబుతాను.

వాద్యాల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడ పోటీ లేదు. ఆండీ లరాక్, మైకేల్ డెనర్ గిటార్లు, టిమీ హాన్సెన్ బేస్, మైకీ డీ డ్రమ్స్. ఈ డీ తర్వాత మోటర్‌హెడ్‌లో ఏళ్ళ తరబడి వాయించినవాడు. గిటార్లు ఇక్కడ పాటకు పక్కవాద్యాలు కావు. బంగళా మెట్లు, తలుపులు, నేలమాళిగ, అన్నీ అవే. ఆఖరి పాట మెత్తని తీగల గిటార్‌తో మొదలై, ఇక గండం గడిచిందేమో అనిపించి, ఏడు నిమిషాలు దాటేసరికి ఎవరినీ మిగల్చదు. సురభి హార్మోనియానికి ఆ శక్తి లేదు, అవసరమూ లేదు. అక్కడ గుండె ఆగే ఘట్టంలో మాయలోడు పద్యం ఎత్తుకుంటాడు, బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. బాలనాగమ్మను ఎత్తుకుపోబోయే రాక్షసుడు, జనం కోరారని, ఆగి మళ్ళీ పాడతాడు. భయానికి వన్స్‌మోర్ కొట్టే జనం ఇంకెక్కడైనా ఉంటారా అని నేను చాలా రోజులు నవ్వుకున్నాను.

వేషం దగ్గరికొస్తే ఇద్దరూ ఒక బడివాళ్ళే. కింగ్ డైమండ్ ముఖానికి తెలుపూ నలుపూ పూసుకుని, మనిషి ఎముకలు అడ్డంగా కట్టిన మైకు కాడ పట్టుకుని పాడతాడు. కుర్రతనంలో ఆలిస్ కూపర్ ప్రదర్శన చూసి ఆ పిచ్చి పట్టిందని అతనే చెప్పుకున్నాడు. సురభి వాళ్ళది అంతకంటే పాత విద్య. తోలుబొమ్మలాడించే ఆరె మరాఠీ కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో బొమ్మల్ని వదిలి మనుషులుగా తెర ముందుకొచ్చాయి. ఆ ఊరి పేరే సమాజాల పేరైంది. తెర వెనక దీపం పెట్టి నీడలతో భయపెట్టడం తెలిసినవాళ్ళకు, తెర ముందు పొగతో భయపెట్టడం ఎంత పని? మందు భగ్గుమంటుంది, పొగ కమ్ముతుంది, పొగ విచ్చేసరికి ఆడమనిషి ఉన్న చోట ఆడమనిషి ఉండదు. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకు ఆ మందు వాసన ముక్కులో ఉండిపోతుంది. నాకు ఇప్పటికీ దీపావళి రాత్రి మొదట గుర్తొచ్చేది నాగళ్ళపూడి గట్టు.

ఇప్పుడు అసలు తేడా. బాలనాగమ్మలో భయం బయటినుంచి వస్తుంది. ఇల్లు మంచిది, మొగుడు మంచివాడు, బిడ్డ ముద్దొస్తున్నాడు. చెడు గడప అవతల జోలె పట్టుకుని నిలబడి ఉంది. ఆ చెడుకు పేరేమిటో చూడండి. ఒక పాఠంలో మాయల ఫకీరు, ఇంకో పాఠంలో మాయల మరాఠీ. 1942లో జెమినీ వాళ్ళు సి. పుల్లయ్య దర్శకత్వంలో తీసిన సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ అయితే, గోవిందరాజుల సుబ్బారావు వేసింది మాయల మరాఠీ. ఈ రెండు పేర్లూ ఊరికే పడలేదు. కడప, కర్నూలు నవాబుల ఏలుబడి కింద ఉన్న నేల ఇది, పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠా దండ్లు చౌతు కోసం గుర్రాలు తోలిన నేల. గుర్రం చప్పుడు వినబడితే ధాన్యం పాతర మూసి, ఆడపిల్లల్ని దాచిన జనానికి, రాక్షసుడి పేరు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

అయితే ఆ పేరు వెనకున్న భయం నిలబడలేదనడానికి సాక్ష్యం కూడా ఇదే నేల మీద ఉంది. కడప పెద్ద దర్గాలో నెమలీకల కట్టతో తల నిమిరించుకోవడానికి పసిబిడ్డల్ని చంకనేసుకుని నిలబడే తల్లుల్లో సగంమంది రాత్రికి బాలనాగమ్మ కథ చెప్పి ఆ బిడ్డల్నే పడుకోబెట్టేవాళ్ళు. ఇంకోటి ఇంతకంటే వింత. సురభి వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునేది ఆరె మరాఠీ. అంటే మరాఠీ మాట్లాడే కుటుంబం, తెలుగు జనం ముందు, తెలుగు పద్యాలతో, మాయల మరాఠీ వేషం కట్టి చప్పట్లు కొట్టించుకుంది. తమ మీద జనానికున్న పాత భయాన్ని తామే ఆడి చూపించి, దానితోనే కడుపు నింపుకున్నారు. ఇంత లోతైన వ్యంగ్యం ‘అబిగెయిల్’లో ఎంత వెతికినా దొరకదు.

‘అబిగెయిల్’లో బయటివాడు లేనే లేడు. ఉన్న ఏడుగురు బయటివాళ్ళూ వద్దని చెప్పినవాళ్ళే. చెడు అంతా ఇంటిలోపల, ఇంటిపేరులోనే ఉంది. జొనాథన్ చేసిన తప్పేమిటి? ఆస్తి తీసుకున్నాడు. బంగళాతో పాటు బంగళా కింద ఉన్నదీ వచ్చింది. ముందుతరం వాడు ఒక రోజు కోపంలో చేసిన హత్య, 68 ఏళ్ళ తర్వాత, ఆ హత్య సంగతే తెలియనివాడి కాపురంలోకి వచ్చి కూర్చుంది.

ఒకసారి నంద్యాల నుంచి కడపకు బస్సులో పోతూ ఈ రికార్డు పెట్టుకున్నాను. నంద్యాల దాటాక మొదలుపెడితే ఆళ్ళగడ్డ వచ్చేసరికి ఇంచుమించు అయిపోతుంది. కిటికీలో నల్లరేగడి చేలు, ఎడమపక్క దూరంగా నల్లమల. మధ్యలో ఎత్తు ప్రహరీ, ఇనుప గేటు, ఎవరూ ఉండని మిద్దె ఒకటి కనబడింది. అలాంటి మిద్దెలు మన దగ్గర ఎందుకు పాడుబడతాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. తాత కాలంలో నీళ్ళ దగ్గరో గట్టు దగ్గరో పడిన తొలి వేటు, కొడుకు మీదుగా మనవడి దాకా వస్తుంది. మనవడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నా, పండక్కి ఊరికి వస్తే వాళ్ళమ్మ చీకటి పడ్డాక బయటికి పోనివ్వదు. అతను ఎవర్నీ ఏమీ అనలేదు. ఇంటిపేరు మోస్తున్నాడు, అంతే. ఫ్యాక్షన్ మీద తీసిన తెలుగు సినిమాలు తొడకొట్టడం దగ్గరే ఆగిపోయాయి. ఆ అమ్మ తలుపు గడియ పెట్టే చప్పుడు నాకు వినబడింది మాత్రం ఒక డెన్మార్క్ వాడి రికార్డులో. మన బాలనాగమ్మ ఆ ఇంట్లోకి అడుగే పెట్టలేదు. వేలు గడప బయటికే చూపించింది.

అలాగని రికార్డుకు పూర్తి మార్కులు వెయ్యలేను. ఇందాక ఆపిన మాట ఇప్పుడు. అబిగెయిల్ చెడ్డదని జొనాథన్‌కు చెప్పిందెవరు? కౌంట్ దయ్యం. అంటే ఆమెను, ఆమె తల్లిని చంపినవాడు. హంతకుడే సాక్షి, హంతకుడే జడ్జి, పుట్టనైనా పుట్టని ఆడపిల్ల ముద్దాయి. తొమ్మిది పాటల్లో ఒక్కరూ ఆ సాక్ష్యాన్ని అనుమానించరు. అందుకే నాకు గుమ్మెట హాస్యగాడు గుర్తొచ్చాడు. “దొరా, చంపినోడు చెప్పిన మాట కదా ఇది?” అని ఒక్క మాట అడిగుంటే కథ అక్కడే తిరిగిపోయేది.

మన పల్లెల్లో దయ్యం పట్టిన మనిషిని కూర్చోబెట్టి మొట్టమొదట అడిగేదేమిటి? ఎవురు నువ్వు, ఏ ఊరు, నీకేం కావాల? వేపమండలు, సాంబ్రాణి పొగ, కేకలు, అవన్నీ ఉంటాయి. ఆ తంతులో హింస లేదనీ చెప్పను. కానీ అడగడం ఉంది. వచ్చింది కాన్పులో పోయిన ఆడమనిషి అయితే చీరో, గాజులో, తినకుండా పోయిన ముద్దో అడుగుతుంది. ఇంటివాళ్ళు పెడతారు. దయ్యానికీ ఒక ఫిర్యాదు ఉంటుందనేది అక్కడ అందరూ ఒప్పుకున్న సంగతి. మిరియమ్ నోటితో అబిగెయిల్ మాట్లాడినప్పుడు జొనాథన్ ఏమీ అడగడు. చివరికి మెట్ల వైపు చూస్తాడు. పాత కౌంట్ చేసిన పనే మళ్ళీ చెయ్యబోతాడు. శాపం అంటే ఆ బిడ్డ కాదు, ఆ మెట్లే అని రికార్డు దాదాపు చెప్పేసి, భయపడి, మళ్ళీ బిడ్డకే మేకులు కొడుతుంది.

మిరియమ్‌కు ఇందులో చెయ్యడానికి పెద్దగా పని లేదు. మొగుడి ఆస్తి, మొగుడి దయ్యం, మధ్యలో ఆమె కడుపు. బాలనాగమ్మ అలా కాదు. చేతిలో కత్తి లేదు, మంత్రం లేదు, ఉన్నది నోము. నోము పట్టాను, అది తీరేదాకా ముట్టుకోవద్దు అని మాయలోడి కోటలోనే కూర్చుని వాణ్ణి ఏళ్ళ తరబడి ఆపింది. మనుషుల్ని రాళ్ళను చెయ్యగలవాడు ఆడవాళ్ళ పూజకు జంకి ఆగాడు. ఇది భక్తి కింద లెక్కేస్తారు చాలామంది. నాకు మాత్రం కోర్టులో వాయిదా మీద వాయిదా కోరే గట్టి వకీలు కనబడుతుంది. కొడుకు మీసాలొచ్చేదాకా కేసు నడపాలి, నడిపింది.

ఆ కొడుకు దగ్గరే రెండు ఉయ్యాలలూ వేరైపోతాయి. బాలవర్ధి ఒక్క రాత్రిలో, మధ్యలో ఒక తెర దించి ఎత్తేలోగా, పెద్దవాడవుతాడు. అబిగెయిల్‌ను మాత్రం పెరగనివ్వలేదు. కింగ్ డైమండ్‌కే అది లోపలెక్కడో గుచ్చుకున్నట్టుంది. 2002లో, అంటే 15 ఏళ్ళకు, రెండో ‘అబిగెయిల్’ చేశాడు. అందులో ఆ బిడ్డ చావలేదు. పెరిగి పెద్దదై అదే బంగళాకు తిరిగొచ్చింది. సంగీతంగా అది మొదటిదానికి కాలిగోటికి సరిపోదు. అయినా ఆ రికార్డు చెయ్యాలనిపించడం నాకు నచ్చింది. మన నాటకానికి రెండు తెరల మధ్య పట్టిన పని అది.

సురభి ఉయ్యాల గురించి ఇంకొకటి. అందులో పడుకోబెట్టడానికి బొమ్మ అక్కర్లేదు, సమాజంలో ఎప్పుడూ ఒక చంటిబిడ్డ ఉండనే ఉంటుంది. నడక రాకముందే కృష్ణుడు, నడక వచ్చాక లవుడో కుశుడో, గొంతు పగిలాక బాలవర్ధి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి అయితే, తల్లి వేషంలో ఉండగానే నొప్పులొచ్చి రంగస్థలం మీదే పుట్టిందని చెబుతారు. ఆ తల్లి కాన్పు అయ్యాక లేచింది, ఆ బిడ్డ పెరిగి వెండితెరకెక్కింది. మిరియమ్ గదిలో జరిగినదానికి సరిగ్గా ఎదురు.

మా జేజికి అబిగెయిల్ కథ మొత్తం చెప్పాను, సెలవులయ్యేలోగా. చాట ఒళ్ళో పెట్టుకుని విన్నది. మెట్ల దగ్గర ఊ కొట్టలేదు. ఏడు మేకుల దగ్గర బియ్యంలో రాయి తీసి దూరంగా విసిరింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

“సచ్చి పుట్టిన బిడ్డ గదా, దానికి పేరెవురు పెట్టినారు?”